చేతులు బల్లమీద

నిధి బొటనవేలు మధ్యవేలి నడిమి కణుపు మీద ఆగిపోయింది.

"ఓస్... ఓస్..." అంటూ కళ్ళు పైకెత్తి వంటింటి కప్పుకేసి చూసింది. "ఈ ఐదోది వదిలేయమంది తాతయ్యా, మా టీచర్. టెక్సస్‌లో ఎవరూ అలా మాట్లాడరంట. ఓన్లీ స్పెయిన్‌లో."

"మాట్లాడకపోతే మానేశారు. వరసలో మధ్యది వదిలేస్తే పన్ను ఊడిన నోరులా ఉంటుందే. మొదట్నించీ చెప్పు," అన్నాడు కేశవరావు.

ఆయన నిధి తల్లి రాగిణికి తండ్రి. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సంస్కృతం చెప్పిన మనిషి. టెక్సస్‌లోని కాపెల్‌లో కూతురింటికి వచ్చిన దగ్గర్నుంచి ఊరికే కూర్చోలేక మనవరాలి స్పానిష్ మీద పడ్డాడు. ఆయనకు ఆ భాష ఒక్క ముక్క రాదు. రాకపోతేనేం, మొదటిరోజే అసలు కిటుకు పట్టేశాడు. లావార్ అంటే కడగటం, లావార్సె అంటే ఏమిటని అడిగితే నిధి ఇంగ్లీషులో ఏదో తిప్పలు పడి చెప్పింది. "అంటే కడుక్కోవటం. లేవటం, కూర్చోవటం, తల దువ్వుకోవటం, అన్నీ ఎవరికి వాళ్ళు చేసుకునే పనులు. మేం ఆత్మనేపదం అనేవాళ్ళం. వీళ్ళేం కొత్తగా కనిపెట్టలేదు," అని తేల్చేశాడు. ద్వివచనం లేదని తెలిసి, "బతికిపోయారు," అన్నాడు.

తరవాత వేళ్ళు నేర్పాడు. చూపుడువేలి మూడు కణుపులు ఏకవచనానికి, మధ్యవేలి మూడు కణుపులు బహువచనానికి. బొటనవేలు ఒక్కో కణుపు ఎక్కుతూ పోవాలి, పెదవి కదలాలి, తల కొంచెం ఊగాలి.

"మె లావో, తె లావాస్, సె లావా," అని నిధి అందుకుంది. "నోస్ లావామోస్, ఓస్ లావాయిస్, సె లావాన్."

"భేష్."

గట్టు దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న రాగిణికి నవ్వొచ్చింది. రామశబ్దం వల్లించినట్టే ఉంది. చిన్నప్పుడు తనూ ఇలాగే ఊగుతూ వల్లించింది. చూసుకుంటే ఇప్పుడు తన బొటనవేలు కూడా చూపుడువేలి మీద నడుస్తోంది, చేతిలో చిక్కుడుకాయ ఉండగానే.

అప్పుడు ఫోన్ మోగింది. స్కూల్ నుంచి. అసిస్టెంట్ ప్రిన్సిపల్ మిసెస్ హాలొవే గొంతు చాలా మెత్తగా ఉంది. అమెరికాలో గొంతు ఎంత మెత్తబడితే కబురు అంత చెడ్డదని రాగిణికి పదేళ్ళ అనుభవం. పోయిన వారం స్పానిష్ పరీక్ష గురించి మాట్లాడాలట. రేపు పొద్దున రాగలరా? నిధిని కూడా తీసుకురావాలి.

"బాగా రాశానన్నావు కదే?" అంది రాగిణి, ఫోన్ పెట్టేసి.

"బాగానే రాశానమ్మా. వన్ మిస్టేక్, అంతే."

కేశవరావు మాత్రం సంబరంగా, "ప్రైజు ఏమైనా ఇస్తారేమో," అన్నాడు.

మర్నాడు పొద్దున మిసెస్ హాలొవే గదిలో గాజుగిన్నె నిండా చాక్లెట్లున్నాయి. తీసుకోమంది. ఎవరూ తీసుకోలేదు. స్పానిష్ టీచర్ మిస్ బ్రెనన్, ముప్పై దాటని పిల్ల, ఒళ్ళో చేతులు పెట్టుకుని బాధగా నవ్వుతోంది. ఆ బాధ నిజంగానే ఉంది. రాగిణికి అదే ఎక్కువ భయం వేసింది.

పెద్ద పరీక్షలు పెట్టే గదిలో కెమెరా ఉంటుంది. దాని రికార్డింగ్ తెరమీద వేశారు. మాట వినపడదు, బొమ్మ మాత్రమే. నిధి రాస్తూ రాస్తూ పెన్సిలు ఆపింది. కళ్ళు పైకెత్తింది. పెదవులు కదిలాయి. ఎడమచెయ్యి బల్ల పక్కకి జారింది, బొటనవేలు ఒక్కో కణుపు తాకుతూ పోయింది. మళ్ళీ రాసింది. మళ్ళీ పెదవులు, మళ్ళీ చెయ్యి. వెనక వరసలో, ఏటవాలుగా, నిధి స్నేహితురాలు హంసిక కూర్చుని ఉంది. తల వంచుకుంది, ఎత్తింది, మళ్ళీ వంచుకుంది.

శబ్దం లేకుండా చూస్తుంటే ఆ చెయ్యి రాగిణికే ఎవరిదోలా కనిపించింది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, తన కూతురు నిజంగానే సైగ చేస్తోందేమో అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"షి ఈజ్ కౌంటింగ్," అంది.

"ఏం లెక్కపెడుతోంది? ఆ పరీక్షలో లెక్కలేమీ లేవు కదా?" అని అడిగింది మిసెస్ హాలొవే, వెక్కిరింత లేకుండా.

రాగిణి చెప్పబోయింది. కణుపులు, ఏకవచనం, బహువచనం, తండ్రి, తెనాలి. ఆఫీసులో గంటల తరబడి ప్రెజెంటేషన్లిచ్చే మనిషికి ఆ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో పెడితే కట్టుకథలా వినిపించాయి. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు.

"ఆప్షన్ల ప్రశ్నలకి ఒక్కో కణుపు ఒక్కో జవాబు. ఏ, బి, సి, డి," అంది మిస్ బ్రెనన్ నెమ్మదిగా. "హంసిక పేపర్‌లో కూడా నిధి చేసిన తప్పే ఉంది. పైగా హంసిక ఒప్పేసుకుంది. నిధి సైగ చేసిందని చెప్పింది."

నిధి అంతదాకా నేలకేసి చూస్తోంది. ఇప్పుడు తలెత్తింది. "హంసికా? హంసిక సెడ్ దట్?"

మిసెస్ హాలొవే ఒక కాగితం ముందుకి జరిపింది.

దారులు రెండున్నాయట. ఒప్పుకుని సంతకం పెడితే ఆ పరీక్షకి సున్నా, స్కూల్లో ఒక మచ్చ, అక్కడితో సరి. ఒప్పుకోకపోతే కమిటీ ముందుకు వెళ్తుంది. కమిటీ కూడా తప్పేనంటే సస్పెన్షన్, ఆ సంగతి కాలేజీల దాకా పోతుంది.

"నా కూతురికి అవన్నీ వచ్చు. ఇప్పుడే అడగండి," అంది రాగిణి.

మిస్ బ్రెనన్ మిసెస్ హాలొవేకేసి చూసింది. మంచి మనసుతోనే అడిగింది పాపం. శుక్రవారం మళ్ళీ పరీక్ష పెడదామా? కొత్త క్రియాపదాలతో. ఎదురుగా కూర్చోబెట్టి. ఒక చెయ్యి పెన్సిలుకి, రెండో చెయ్యి బల్లమీద చాపి పెట్టాలి. నోరు కదపకూడదు. బాగా రాస్తే ఈ సంగతి ఇక్కడే వదిలేద్దాం.

"తప్పకుండా," అంది రాగిణి. గెలిచినట్టే అనిపించింది.

కార్లో సీటు బెల్టు పెట్టుకున్నాక గానీ నిధి నోరు విప్పలేదు. "అమ్మా, ఐ కాంట్," అంది. "ఫింగర్స్ లేకపోతే నాకు రాదు."

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రాద్ధాంతమే అయింది. రాగిణి భర్త దివాకర్ లాప్‌టాప్ మూసి, రెండు చేతులతో మొహం రుద్దుకుని, "సైన్ చేసేద్దాం," అన్నాడు. అతనిది వరంగల్. కోపమొస్తే ఊరి మాట బయటికొస్తుంది. ఈసారి భయానికి వచ్చింది. "ఒక్క జీరోతోని పోతది కదా. కమిటీ గిమిటీ అంటే మనం ఏడ తిరగాలె? గ్రీన్‌కార్డ్ ఫైల్ అక్కడ నడుస్తున్నది. ఎందుకొచ్చిన పంచాయితి?"

"చెయ్యని తప్పు ఒప్పుకోమంటావా పిల్లని?"

"ఒప్పుకోమంటలేను. సైన్ పెట్టమంటున్న."

"రెండూ ఒకటి కాదా?"

దివాకర్ లాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు. చెడ్డవాడు కాదు, ఈ దేశంలో సంతకాలు పెట్టీ పెట్టీ ఏ కాగితమైనా సంతకం కోసమే పుట్టిందనుకునే స్థితికి వచ్చాడు.

ఇంతలో హంసిక వాళ్ళమ్మ మనీషా ఫోన్ చేసింది. రెండు వీధుల అవతలే ఉంటారు. పిల్లలిద్దరూ ఎలిమెంటరీ నుంచీ ఒకే కార్లో తిరిగారు.

"రాగిణీ, ఫీలవ్వకు ప్లీజ్. మా హంసిక భయపడిపోయింది. సిగ్నల్స్ ఇచ్చిందా అని వాళ్ళు అడిగితే యెస్ అనేసింది. యెస్ అంటే పంపించేస్తామన్నారట. నువ్వు కూడా సైన్ చేయించెయ్యి. ఇద్దరికీ సేమ్ అయిపోతుంది కదా, ఈక్వల్."

"నీ కూతురు చూసి రాసిందా మనీషా?"

"పిల్లలు కదా," అంది మనీషా. "రేపు నిధిని రైడ్‌కి నేనే పిక్ చేసుకోనా?"

"వద్దు," అని పెట్టేసింది రాగిణి. ఏడుపొస్తే బావుండును, అదీ రాలేదు.

కేశవరావు ఇదంతా హాల్లో కుర్చీలో కూర్చుని విన్నాడు. లేచి వచ్చి, "నేనొచ్చి చెప్తానమ్మా వాళ్ళకి," అన్నాడు. "ఇందులో దాచేదేముంది? వల్లె వేయించి చూపిస్తాను. నా ఎదుట వెయ్యిమంది పిల్లలు ఇలాగే చదివారు. తప్పు నాదని చెప్తాను."

"వద్దు నాన్నా."

"ఇంగ్లీషు నాకూ వచ్చునే."

"నువ్వు వాళ్ళ ముందు ఊగుతూ కూర్చుంటే..." అని ఆగిపోయింది రాగిణి. ఆగినా అనవలసింది అనేసినట్టే అయింది.

ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనపడనివ్వలేదు. "సరేనమ్మా, నీకు తెలుసు," అని వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. సంధ్య వేళ దాటిపోతోందని గుర్తొచ్చి భుజంమీది కండువా కుడిచేతి మీదికి లాక్కుని జపం మొదలుపెట్టాడు. జపం లెక్క కణుపుల మీదే. చెయ్యి ఎవరికీ కనపడకూడదని కండువా కప్పటం ఎప్పటినుంచో ఉన్నదే. కండువా కింద బొటనవేలు కదులుతుంటే బట్ట పైకీ కిందికీ ఆడుతోంది. రాగిణి అటు చూడలేకపోయింది.

గురువారం రాగిణి ఆఫీసుకి సెలవు పెట్టింది. నిధి స్కూల్ నుంచి రాగానే పాలూ బిస్కెట్లూ పెట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"చెయ్యి బల్లమీద పెట్టు."

నిధి ఎడమచెయ్యి చాపి పెట్టింది.

"లెవాంతార్సె," అంది రాగిణి పుస్తకంలో చూసి. లేవటం.

నిధి రాయటం మొదలుపెట్టింది. మె లెవాంతో. బొటనవేలు చూపుడువేలి వైపు జరిగింది. రాగిణి తన అరచెయ్యి దానిమీద పెట్టి నొక్కింది. నిధి పెన్సిలు ఆగిపోయింది. ఒక్క కణుపు కదలనివ్వకపోయేసరికి తరవాతిది రాలేదు. మెట్టు తీసేసిన నిచ్చెనే అయింది.

"మళ్ళీ."

రెండోసారి పెదవులు కదిలాయి. "నోరు," అంది రాగిణి. మూడోసారి చెయ్యీ నోరూ కుదురుగానే ఉన్నాయి గానీ తల ఊగింది. "తల." నాలుగోసారి అన్నీ కుదురుగా ఉండి జవాబులు సరిగ్గా వచ్చేసరికి రాగిణికి ప్రాణం లేచొచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి బల్ల కిందికి వంగి చూసింది. సాక్సుల్లో కాలివేళ్ళు ఒకటొకటిగా ముడుచుకుంటున్నాయి.

"నిధీ!"

"దట్స్ మై ఫీట్! వాళ్ళకి కనపడదు!"

"వంగి చూస్తే? కెమెరా కిందుంటే? ఇంకా ఎక్కువ తప్పుగా ఉంటుంది."

నిధి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను ఏమీ చెయ్యలేదు, అమ్మా. వై ఆర్ యూ డూయింగ్ దిస్?"

అదే ప్రశ్న లోపల రాగిణి కూడా వేసుకుంటోంది. జవాబు తెలుసు. రేపు ఈ పిల్లని దొంగ అంటారు. ఆ మాట పదహారేళ్ళ పిల్ల వెనకాలే నడుచుకుంటూ ప్రతి తలుపు దాకా వస్తుంది. అది ఆపటానికి దొరికిన దారి ఇదొక్కటే. దారి మంచిదా కాదా అని ఆలోచించే తీరిక లేదు. కళ్ళు తుడుచుకోమని టిష్యూ ఇచ్చింది. తుడుచుకున్నాక, "చెయ్యి బల్లమీద," అంది.

కేశవరావు మంచినీళ్ళ కోసం రెండుసార్లు వంటింట్లోకి వచ్చాడు. రెండోసారి బల్ల పక్కన ఆగి, కూతురి చేతికింద అణిగిపోయిన మనవరాలి చేతిని చూశాడు.

"నువ్వు చదివేప్పుడు నీ చెయ్యి నేనెప్పుడూ పట్టుకోలేదే," అన్నాడు.

"ఆ రోజులు వేరు నాన్నా."

"ఔనులే."

గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగలేదు.

పొద్దుగూకేసరికి నిధికి వచ్చేసింది. రాగిణి ఏ క్రియాపదం అడిగినా రాస్తోంది. చెయ్యి కదలటం లేదు. పెదవులు కదలటం లేదు. కళ్ళు కాగితం దాటి ఎక్కడికీ పోవటం లేదు. ఆఖర్న కాయార్సె అడిగింది రాగిణి. ఊరుకోవటం. మె కాయో, తె కాయాస్, సె కాయా. తడుముకోకుండా ఆరూ రాసేసింది.

"నా బంగారం," అని నెత్తిమీద ముద్దు పెట్టింది రాగిణి. నిధి కదల్లేదు.

శుక్రవారం అదే గది, అవే చాక్లెట్లు. తల్లిదండ్రులు వెనక గోడ దగ్గర కూర్చోవచ్చన్నారు. దివాకర్ మీటింగ్ మానుకుని వచ్చాడు, ఫోన్ రెండు చేతుల్లో బిగించి పట్టుకున్నాడు. మిసెస్ హాలొవే టాబ్లెట్‌ని ఒక స్టాండు మీద నిలబెట్టి నిధి వైపు తిప్పింది. "రికార్డ్ కోసం, అంతే," అంది. మిస్ బ్రెనన్ కాగితం ముందు పెట్టి, "ఎడమచెయ్యి బల్లమీద పెట్టు, హనీ," అంది. నిధి అప్పటికే పెట్టి ఉంది.

రాగిణికి కూతురి మొహం ఏటవాలుగా కనిపిస్తోంది. కూతురి పెదవులకేసే చూస్తూ కూర్చుంది. పాస్‌పోర్ట్ ఫోటోలో మనిషిలా ఉంది నిధి. పెన్సిలు మాత్రం నడుస్తోంది, ఎక్కడా ఆగకుండా. గదిలో ఏసీ చప్పుడు, పెన్సిలు గీత చప్పుడు. ఒక్కసారైనా పైకి చూస్తే బావుండునని రాగిణికి తోచింది. అంతలోనే చూడకూడదు, చూడకూడదు అని దేవుడికి మొక్కుకుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పావుగంటలో తెలిసొచ్చింది.

మిస్ బ్రెనన్ అక్కడే దిద్దింది. ఒక్క తప్పు లేదు. వదిలేయమన్న ఐదోది కూడా రాసి ఉంది, అన్నింటికీ.

"పర్ఫెక్ట్!" అంది మిస్ బ్రెనన్. మొహమంతా వెలిగిపోయింది. నిజంగా సంతోషించింది ఆ పిల్ల. "చూశావా? ఆ చేతుల గొడవేమీ నీకు అక్కర్లేదు. నువ్వు అది లేకుండానే ఇంకా బాగా చేస్తావు."

"థాంక్యూ," అంది నిధి.

మిసెస్ హాలొవే టాబ్లెట్ ఆపేసింది. ఈ సంగతి ఇక్కడితో అయిపోయిందంది. పొరపాటు జరిగిందని అనలేదు. క్షమాపణ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇకముందు పరీక్షల్లో కూడా ఇలాగే కూర్చుంటే ఎవరికీ అపార్థాలు రావని మాత్రం చెప్పి, చాక్లెట్ గిన్నె ముందుకి తోసింది. ఈసారి దివాకర్ ఒకటి తీసుకున్నాడు.

పార్కింగ్‌లో దివాకర్ కూతుర్ని దగ్గరికి లాక్కుని, "నా బిడ్డ పులి," అన్నాడు. ఆఫీసుకి వెళ్ళిపోయాడు. రాగిణి కార్ తీస్తూ అద్దంలో చూసింది. వెనక సీట్లో నిధి రెండు అరచేతులూ తొడలమీద చాపి పెట్టుకుని కూర్చుంది.

"హాయిగా ఉందా నాన్నా?"

"ఐయామ్ గుడ్."

ఇంటికి వచ్చేసరికి కేశవరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని ఆయన మొహమే చెప్తోంది. సంగతి విని రెండు చేతులూ జోడించి ఎవరికో దణ్ణం పెట్టాడు. తరవాత ఎప్పటిలాగే చూపుడువేలు ఎత్తి, "ఏదీ, ఆ రాసినవి ఒకసారి నాకూ వినిపించు. మె..." అని అందించాడు.

నిధి ఆయన వేలికేసి చూసింది. విసుగు లేదు, కోపం లేదు. "అవసరం లేదు, తాతయ్యా. నాకు లోపలే వచ్చేస్తుంది ఇప్పుడు," అని పైకి వెళ్ళిపోయింది.

ఎత్తిన వేలు ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. కాసేపటికి దించుకున్నాడు. సాయంత్రం జపానికి కూర్చున్నప్పుడు కండువా కప్పుకున్నాడు గానీ, రాగిణి ఎంతసేపు చూసినా ఆ బట్ట కదల్లేదు.

రాగిణికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. హంసిక పిల్లది. మనీషా తన పిల్లని కాచుకుంది. మిస్ బ్రెనన్ మేలే చేశాననుకుంటోంది. చెయ్యి నొక్కి పట్టిందెవరు? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లేచి, శనివారానికి ఇడ్లీపిండి రుబ్బుకోవాలి కదా అని వంటింట్లోకి నడిచింది.

బియ్యపురవ్వ డబ్బా దించింది. గ్లాసుతో కొలిచి గిన్నెలో పోస్తూ, అమ్మ నేర్పినట్టు, ఎడమచేతి కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. పెదవులు వాటంతట అవే కదిలాయి. ఒకటికి బదులు లాభం, రెండు, మూడు.

నిధి నీళ్ళ సీసా నింపుకోవటానికి వచ్చి ఆమె పక్కన ఆగింది. తల్లి చేతిని చూసింది. సీసా గట్టుమీద పెట్టి, తన చల్లటి అరచెయ్యి తల్లి వేళ్ళమీద వేసి, మెల్లిగా, నొప్పి పెట్టకుండా, గట్టుమీదికి నొక్కింది.

"అమ్మా," అంది, జాలిగా. "చెయ్యి."

రాగిణి చెయ్యి లాక్కోలేదు. గట్టుమీద అలాగే చాపి ఉంచింది. నిధి సీసా తీసి నీళ్ళు నింపుకుంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. గిన్నెలో ఎన్ని గ్లాసులు పోసిందో రాగిణికి గుర్తు రాలేదు.